అత్తగారి చేత పెట్టించిన ఇండోనేషియా టీ

అమెరికాలో మా ఊరు నోవైలో మంచు పడిన ప్రతి ఉదయం మా పక్కింటి గ్యారీ మంచు ఎగజిమ్మే స్నో బ్లోయర్ తోసుకుంటూ హాయిగా తన ఇంటి ముందు డ్రైవ్‌వే శుభ్రం చేసుకుంటాడు. ఇవతల నేను పార పట్టుకుని నడుము విరగ్గొట్టుకుంటూ ఉంటాను. గ్యారీ మంచివాడు, నన్ను చూసి చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. ఆ స్నో బ్లోయర్ నాది. దొంగతనమేమీ జరగలేదు. వద్దు వద్దంటున్నా వినకుండా, నవ్వుతూ, నా చేతులతో నేనే అతని గ్యారేజీలో పెట్టి వచ్చాను.

ఎందుకిచ్చానో, ఇచ్చాక నా బతుకు ఎలా బస్టాండు అయిందో చెప్తాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా బంధువులంతా ఇప్పటికే కడుపారా నవ్వేసుకున్నారు, మీరేం పాపం చేశారు!

అప్పట్లో నేను కార్ల సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరుని. ఆ కంపెనీకి ఇండోనేషియాలో, సురబాయ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడికి కొన్నేళ్ళపాటు ఒక మనిషిని పంపాలని మా మేనేజర్ నిర్ణయించాడు. వెళ్ళాలని ఉన్నవాళ్ళు ఇద్దరం తేలాం, నేనూ, బ్రయన్ అనే ఒక అమెరికన్ కుర్రాడూ. నాకు అక్కడ పని మీద పెద్ద మక్కువేమీ లేదు. సురబాయలో మంచు పడదు, అంతే. అక్కడ ఏడాది పొడుగునా ఎండ కాస్తుందని తెలిసిన మరుక్షణం నుంచి ఆ ఊరు నాకు పుట్టిల్లులా అనిపించసాగింది.

ఒక్కటే మెలిక. ఇండోనేషియా భాషలో చిన్న కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ముందు ఎవరు తెస్తే వాళ్ళకే పోస్టింగ్.

"మనకి రాదని కాదు కానీ, నువ్వు చదివితేగా!" అంది మా ఆవిడ సౌమ్య.

సౌమ్యకి నా చరిత్ర తెలుసు. నాకు దేవుడిచ్చిన విద్య ఒక్కటే, పని చేయించడం. కాలేజీలో రికార్డులన్నీ రూమ్మేట్ చేత రాయించాను. ఉద్యోగానికి రెజ్యూమే మా బావ చేత దిద్దించాను. చివరికి పెళ్ళిచూపుల్లో నేను అడగవలసిన ప్రశ్నలు కూడా మా అక్క చేత అడిగించాను. సౌమ్య జవాబులన్నీ మా అక్కకే చెప్పింది. ఆ లెక్కన చూస్తే ఆవిడ చేసుకున్నది మా అక్కనేమో అని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

సరే, కోర్సులో చేరాను. వారానికోసారి, సాయంత్రం పూట, మా ఊరి కమ్యూనిటీ హాల్లో క్లాసు. టీచరు పేరు రత్న. మన రత్నం కాదు, జావా నుంచి వచ్చిన ఇండోనేషియా ఆవిడే. అక్కడ మేడంని 'బు' అంటారు కాబట్టి అందరూ బు రత్న అనేవాళ్ళు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, కత్తిలాంటి చూపు.

మొదటి క్లాసులోనే ఆవిడ బోర్డు మీద ఒక మాట రాసింది. పనాస్. అంటే వేడి. దాని తోకకి 'కాన్' తగిలించింది. పనాస్కాన్. అంటే వేడి చెయ్యి, వేడెక్కించు. దిదిహ్ అంటే మరగడం, దిదిహ్‌కాన్ అంటే మరిగించు. హిదుప్ అంటే బతకడం, హిదుప్‌కాన్ అంటే బతికించు. స్టవ్ వెలిగించమనాలన్నా ఆ మాటే.

"ఒక పని దానంతట అది జరిగితే మామూలు మాట. మీరు పూనుకుని జరిపిస్తే చివర కాన్" అంది బు రత్న.

బ్రయన్ బుర్ర గోక్కున్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా పులకరించింది. ఇది మన విద్యే కదా! మరుగు, మరిగించు. ఎక్కు, ఎక్కించు. చెయ్యి, చేయించు. వాళ్ళ కాన్, మన ఇంచు అన్నదమ్ములు. పైగా ప్రపంచంలో ఇంతమంది ఉండగా, చేయించడం అనే కళలో ఆరితేరిన నా దగ్గరికే ఈ పాఠం నడుచుకుంటూ వచ్చిందే! ఇంక నాకు ఈ భాషలో నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆ సాయంత్రమే తేల్చేసుకున్నాను.

తేల్చుకుని ఊరుకున్నానా? ఊరుకుంటే నేనెందుకవుతాను! ఆ శనివారమే స్నేహితులందరికీ సురబాయ వెళ్ళిపోతున్నానని చాటాను. వాళ్ళు పాపం ఫేర్‌వెల్ డిన్నర్ ఇచ్చారు, దండ కూడా వేశారు. దండ మెడలో ఉండగానే ఇంటికొచ్చి, గ్యారేజీలోంచి స్నో బ్లోయర్ బయటికి లాగాను.

"ఎక్కడికది?" అంది సౌమ్య.

"గ్యారీకి ఇచ్చేస్తున్నా. మనకింక దేనికీ?"

"ముందు సర్టిఫికెట్ రానీ!"

"వచ్చినట్టే సౌమ్యా, నువ్వు మరీ నెగటివ్!"

"ఇచ్చెయ్. కానీ ఒక్క మాట. ఆ పోస్టింగ్ రాకపోతే ఇంకో స్నో బ్లోయర్ ఈ ఇంట్లోకి రాదు. పారతో తీస్తావు, గుర్తుపెట్టుకో."

నేను నవ్వి గ్యారీ ఇంటి వైపు సాగిపోయాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు మా అత్తగారి గురించి చెప్పాలి. రాజ్యలక్ష్మిగారు ఆ శీతాకాలం మా ఇంట్లోనే ఉన్నారు. రాజమండ్రి మనిషి. టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ట్రంక్ కాల్స్ కలిపే ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. చెవికి గొట్టం పెట్టుకుని పొద్దస్తమానం జనం మాటలు విని, విన్నది విన్నట్టు అవతలివాళ్ళకి అప్పజెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఈ గతి.

అల్లుడంటే ఆవిడకి ఎంత మర్యాదో చెప్పలేను. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవారు. వద్దంటే సగం లేచేవారు. ఏదైనా కావలసి వస్తే, "అల్లుడుగారూ, మీకు వీలైతే, శ్రమ అనుకోకపోతే, తొందరేం లేదు కానీ, ఆ పైన డబ్బా కొంచెం అందిస్తారా అండీ" అనేవారు. ఆ వాక్యం పూర్తయ్యేలోపు నేను ఆఫీసుకి వెళ్ళిపోయేవాణ్ణి. డబ్బా పైనే ఉండేది. ఆవిడ నా మాటకి ఎదురు చెప్పడం కానీ, నలుగురిలో నాది తప్పు అనడం కానీ నేను చూడలేదు, చూడబోనని కూడా నాకు ధీమా.

కోర్సులో ఒక బాధ ఉంది. బు రత్న రోజూ తన గొంతుతో, ఇంగ్లీషులో అర్థాలు చెప్తూ, పాఠం రికార్డు చేసి యాప్‌లో పెట్టేది. ఎవరు చివరిదాకా విన్నారో, ఎన్నిసార్లు విన్నారో ఆవిడకి తెలిసిపోతుంది. వినకపోతే మార్కులు కట్. వినాలంటే నేను చూస్తున్న క్రికెట్ ఆపాలి. అది అయ్యే పని కాదు.

అందుకని ఒక ఉపాయం పన్నాను. ఒక పాత ఫోన్‌లో ఆ యాప్ వేసి, వంటింట్లో స్టవ్ పక్కన ప్లగ్‌కి తగిలించి, పొద్దున్నే పాఠం ఆన్ చేసి ఆఫీసుకి చెక్కేసేవాణ్ణి. పాఠం అయిపోతే మళ్ళీ మొదటి నుంచి మోగుతుంది. సౌమ్య కూడా ఆఫీసుకి వెళ్ళిపోయేది. సాయంత్రం దాకా మా వంటింట్లో బు రత్న మాట్లాడుతూనే ఉండేది. వినే పని కూడా నేను చెయ్యకుండా ఫోన్‌కి అప్పజెప్పానని నా భుజం నేనే తట్టుకున్నాను.

"అల్లుడుగారూ, ఇది ఇలా మోగుతూ ఉండాలా అండీ?" అని మొదటి రోజు అత్తగారు అడిగారు.

"ఆఁ, ఉండనివ్వండి అత్తయ్యగారూ. మీకేం ఇబ్బంది లేదుగా?"

"అయ్యో, ఇబ్బందేమిటండీ! చల్లటి గొంతు. ఉండనివ్వండి" అన్నారు. కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి. ఉల్లిపాయలు తరుగుతున్నారు కాబట్టి అవే అనుకున్నాను.

మహత్తరంగా పనిచేసింది. క్లాసులో బు రత్న అందరి ముందూ, "ఈ క్లాసులో మురళి విన్నంతగా ఎవరూ వినలేదు. ఒక్కో పాఠం రోజంతా విన్నాడు!" అని చప్పట్లు కొట్టించింది. బ్రయన్ సిగ్గుతో తల వంచుకున్నాడు. నేను వినయంగా నవ్వాను. ఎప్పుడైనా నన్ను మాట్లాడమంటే, "బు, మీ ఊళ్ళో వానలు ఎలా ఉంటాయి?" అని ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసుకుని వానల్లోకి వెళ్ళిపోయేది. క్లాసు అయిపోయేది.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో అత్తగారి గొంతు వినపడుతోంది.

"అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?" అంది సౌమ్య, బూట్లు విప్పుతూ.

"కుక్కర్‌తో అయ్యుంటుంది. పెద్దవాళ్ళకి అదొక అలవాటు" అన్నాను, పెద్ద డాక్టరులాగా.

పరీక్ష దగ్గరపడింది. బు రత్న నిబంధన చెప్పింది. రాతపని లేదు. ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక మనిషిని తీసుకురావాలి, భాష రానివాళ్ళయినా పరవాలేదు. కమ్యూనిటీ హాలు వంటగదిలో వాళ్ళ చేత టీ పెట్టించాలి. చేతులు ఊపొచ్చు, కళ్ళతో సైగ చెయ్యొచ్చు. నోట్లోంచి మాత్రం ఇండోనేషియా మాట తప్ప ఇంకో భాష రాకూడదు. మా మేనేజర్ కూడా చూడ్డానికి వస్తానన్నాడు.

నాకు నవ్వొచ్చింది. టీ! అత్తగారికి టీ పెట్టడం నేను చెప్పాలా? ఆవిడ మానాన ఆవిడ పెట్టేస్తారు. పక్కన నిలబడి క్రికెట్ కామెంటరీలాగా నోటికొచ్చిన కాన్‌లు నాలుగు వేస్తే సరి. సౌమ్యకి చెప్తే, "నీ ఖర్మ" అని ఒక్క మాట అని లాప్‌టాప్ తెరుచుకుంది.

ఇంట్లో ఒకసారి రిహార్సల్ వేశాను. అదే కొంపముంచింది. నేను గొంతు సవరించుకునేసరికి అత్తగారు స్టవ్ వెలిగించారు. మొదటి మాట గుర్తు తెచ్చుకునేసరికి టీ వడకట్టారు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కప్పు నా చేతిలో ఉంది. ఇలా అయితే టీచరు పట్టేస్తుంది. అందుకని పరీక్ష రోజు కార్‌లో గట్టిగా చెప్పాను.

"అత్తయ్యగారూ, అక్కడ మీ స్పీడు చూపించకండి. నేను నోరు విప్పి ఒక మాట చెప్పేదాకా చెయ్యి కదపకూడదు."

"అలాగేనండి."

"సొంత తెలివి అస్సలు వాడొద్దు. నేను ఏం చెప్తే అది చెయ్యండి. చెప్పింది చెప్పినట్టు!"

"అలాగేనండి. మీ మాట దాటతానా!"

"శభాష్!" అన్నాను. నా గొయ్యి నేను తవ్వుకుని, కొలత సరిపోయిందో లేదో దిగి చూసుకున్నానన్నమాట.

హాల్లో మొదట బ్రయన్ వంతు వచ్చింది. వాళ్ళావిడని తెచ్చుకున్నాడు. చెమటలు కక్కుతూ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఆవిడ అటూ ఇటూ వెతుక్కుంటూ ఎలాగో టీ పెట్టింది. అంతా నత్తనడక. నేను ఆవలించాను. మా మేనేజర్ టీ తాగి బావుందన్నాడు.

తరవాత నేను. అత్తగారు పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని, స్టవ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, నా నోటి వైపే చూస్తూ. నేను ఛాతీ విరిచాను. ఏదో ఒక మాట వెయ్యాలి. 'మతికాన్ కొంపోర్' అనేది ఎప్పుడో క్లాసులో చెవిన పడింది. కొంపోర్ అంటే స్టవ్ అని తెలుసు. మతి అంటే ఏమిటో తెలీదు, మన మతిలాగే ఏదో మంచిదే అయ్యుంటుంది.

"మతికాన్ కొంపోర్!" అన్నాను, నాటకాల్లో రాజుగారిలాగా.

అత్తగారు స్టవ్ వైపు చూశారు. నా వైపు చూశారు. మీటని తిప్పి చూసి, అది ఆపే ఉందని నిర్ధారించుకుని, మళ్ళీ చేతులు కట్టుకున్నారు. ఆ మాటకి అర్థం స్టవ్ ఆర్పెయ్యమని నాకు ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆవిడ వెలిగించారనుకుని నేను ముందుకి సాగిపోయాను.

"దింగిన్‌కాన్ ఆయిర్!" ఆయిర్ అంటే నీళ్ళు, అంతవరకు గ్యారంటీ.

అత్తగారు గిన్నెలో నీళ్ళు పోశారు. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, ఐసు ముక్కలు దోసిలితో తెచ్చి ఆ నీళ్ళలో వేశారు. మా మేనేజర్ ముందుకి వంగాడు. బు రత్న కనుబొమలు పైకి లేచాయి.

నేను దగ్గరికి జరిగి పళ్ళ సందుల్లోంచి, "అత్తయ్యగారూ, టీ అండీ, టీ!" అన్నాను.

"తెలుసండీ" అన్నారు ఆవిడా గుసగుసగానే. "మీరు చెప్పినట్టే చేస్తున్నాను."

"ఐసెందుకండీ?"

"మీరు చల్లబరచమన్నారు కదండీ."

"నేనెప్పుడన్నాను?"

"నో అదర్ లాంగ్వేజ్, ప్లీజ్!" అంది బు రత్న.

నాకు చెమటలు మొదలయ్యాయి. సరే, పంచదార దగ్గరికి పోదాం. పంచదారని గులా అంటారు, అది తెలుసు. ముందేం తగిలించాలి? "కెలువార్కాన్ గులా!" అన్నాను.

అత్తగారు పంచదార డబ్బా తీసుకున్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు ఆవిడ తలుపు దగ్గరికి నడిచి, తలుపు తీసి, డబ్బాని బయట మంచులో జాగ్రత్తగా పెట్టి, తలుపు వేసి వచ్చారు. చేతులు దులుపుకుని మళ్ళీ కట్టుకున్నారు. ఆ చలిగాలికి మా మేనేజర్ కోటు బొత్తాం పెట్టుకున్నాడు.

నేను పిచ్చెక్కినట్టు సైగలు మొదలుపెట్టాను. స్టవ్ చూపించాను, నోరు చూపించాను, కప్పు పట్టుకుని తాగినట్టు నటించాను. ఆవిడ నా చేతులకేసి కన్నెత్తి చూడలేదు. నోరు విప్పి చెప్పేదాకా కదలొద్దని నేనే కదా ఆజ్ఞ వేసింది!

ఇంక తెలిసిన మాటలు అడుగంటిపోయాయి. మన మాటల్లా వినిపించేవి రెండే మిగిలాయి. ఒకటి కుర్సి, మన కుర్చీ. "నాయిక్కాన్ కుర్సి!" అన్నాను, ఏదో ఒకటి జరక్కపోతుందా అని. అత్తగారు కుర్చీ పట్టుకుని పైకెత్తబోయారు. పెద్దావిడ కష్టపడుతోందని బ్రయన్ పరిగెత్తుకొచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి కుర్చీని టేబుల్ మీదికి ఎక్కించారు. "థాంక్యూ బాబూ" అన్నారు అత్తగారు.

స్టవ్ ఆరిపోయి ఉంది. గిన్నెలో ఐసు తేలుతోంది. పంచదార బయట మంచులో ఉంది. కుర్చీ టేబుల్ ఎక్కి కూర్చుంది. టీ పొడి డబ్బా మూత కూడా తియ్యలేదు. సురబాయ ఎండలు నా కళ్ళ ముందు మసకబారుతున్నాయి. గ్యారీ గ్యారేజీలో నా స్నో బ్లోయర్ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

ఆఖరి అస్త్రంగా ఒక్కటే మిగిలింది. 'మసుక్కాన్' అంటే లోపల వెయ్యమనడం, ఇది బ్రయన్ ఇందాక టీ పొడి వేయించినప్పుడు విన్నాను. కానీ దేన్ని వెయ్యమనాలి? టీ పొడిని ఏమంటారో ఆ క్షణంలో గుర్తు రాదే! బుర్రంతా గాలిస్తే మన సొంత మాట ఒక్కటే దొరికింది.

"మసుక్కాన్ గురు!" అని అరిచాను.

అత్తగారు ఉలిక్కిపడ్డారు. గిన్నెకేసి చూశారు. బు రత్నకేసి చూశారు. మళ్ళీ గిన్నెకేసి చూశారు. కట్టుకున్న చేతులు విప్పి, నాకు దణ్ణం పెట్టారు.

"క్షమించండి అల్లుడుగారూ. ఇప్పటిదాకా మీ మాట ఒక్కటీ దాటలేదు. ఇది మాత్రం నావల్ల కాదండీ. గురువుగారిని గిన్నెలో వెయ్యమంటే ఎలా వేసేదండీ? పాపం కాదూ!"

ఇంతటితో ఆగితే బావుండేది. టీచరు ముందు తెలుగు మాట్లాడినందుకు నొచ్చుకుని ఆవిడ వైపు తిరిగి, "మాఅఫ్, బు. తిదాక్ బిసా" అన్నారు. క్షమించండి మేడం, చేతకాదు అని. ఆ పలుకు వింటే బు రత్న ఆవిడ గొంతులోంచి మాట్లాడిందా అనిపించింది.

బు రత్న చేతిలో పెన్ను జారిపోయింది. ఆవిడ ఇండోనేషియా భాషలో ఏదో అడిగింది. అత్తగారు జవాబు చెప్పారు. ఇంకోటి అడిగింది. దానికీ చెప్పారు. ఇద్దరూ నవ్వారు. నేను మధ్యలో నిలబడి ఇటూ అటూ చూస్తున్నాను, టెన్నిస్ మ్యాచ్‌లో బంతులందించేవాడిలాగా.

"అత్తయ్యగారూ! మీకు ఈ భాష వచ్చా?"

"ఏదో, కొంచెమండీ. మీ దయ."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు అడగలేదు కదండీ. పైగా అల్లుడుగారు అంత శ్రద్ధగా వినిపిస్తుంటే, నాకొచ్చేసిందని గొప్పలు చెప్పుకుంటే ఏం బావుంటుంది!"

"మరి నేను తప్పు చెప్తున్నానని తెలిసీ..."

"పరాయివాళ్ళ ముందు అల్లుడి మాట తప్పనడం మర్యాదా అండీ? ఐసు వేయించారు కదా, ఏదో కొత్త రకం ఐస్ టీ అయ్యుంటుందనుకున్నాను. పంచదార బయట ఎందుకు పెట్టించారో మాత్రం అర్థం కాలేదు."

బు రత్న ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎవరు నేర్పారని ఇంగ్లీషులో అడిగింది. అత్తగారు నా వైపు చూపించారు. తనకొచ్చిన ఇంగ్లీషులో, మధ్యమధ్య నన్ను తెలుగులో సాయమడుగుతూ చెప్పారు. ఆ మాటలు నా చేతే ఇంగ్లీషులోకి చెప్పించారు. తప్పించుకునే దారి లేకపోయింది.

"పొద్దున్న వీళ్ళిద్దరూ వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా ఇంట్లో మనిషి గొంతు ఉండదమ్మా. బయట మంచు, డ్రైవింగ్ రాదు, ఎక్కడికీ వెళ్ళలేను. నేను ఒక్కదాన్నే ఉంటానని గ్రహించి మా అల్లుడుగారు రోజూ ఆఫీసుకి వెళ్ళే ముందు మీ గొంతు పెట్టి వెళ్ళేవారు. మీరు అడిగిందానికల్లా నేను జవాబు చెప్పేదాన్ని. మీరు నాతో మాట్లాడుతున్నట్టే ఉండేది. కన్నకొడుకైనా ఇంత ఆలోచించడు."

నేను ఆ ఆఖరి వాక్యం ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. ఇంతసేపూ పోస్టింగ్ పోతోందని ఏడుపొచ్చింది. ఆ మాటకి సిగ్గుతో ఏడుపొచ్చింది. నేను క్రికెట్ చూసుకోవడానికి పెట్టిన ఫోన్ అది.

బు రత్న తెలివైన మనిషి. నా మొహం చూసి మొత్తం గ్రహించేసింది. సర్టిఫికెట్లు తీసి, ఒకటి బ్రయన్‌కి ఇచ్చింది. ఇంకోటి, నా పేరు కొట్టేసి, పైన రాజ్యలక్ష్మి అని రాసి మా అత్తగారికి ఇచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టక ఏం చేస్తాను!

తరవాత నా దగ్గరికి వచ్చి, ఎంతో మెత్తగా అంది.

"మురళీ, కాన్ పాఠంలో మాత్రం నీకు నూటికి నూరు. ఒక పని తను చెయ్యకుండా ఇంకొకరి చేత ఎలా జరిపించాలో నీ అంత బాగా అర్థం చేసుకున్న స్టూడెంట్ నాకు దొరకలేదు. నువ్వు ఒక్క ముక్క నేర్చుకోకుండా ఇంకొకరికి మొత్తం భాష నేర్పించేశావు. మిగతా పాఠాలన్నిటికీ సున్నా."

మా మేనేజర్ బ్రయన్ భుజం తట్టాడు. నేను బయటికి వెళ్ళి మంచులోంచి పంచదార డబ్బా తెచ్చి లోపల పెట్టాను.

కార్‌లో అత్తగారు సర్టిఫికెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లు దగ్గరపడుతుండగా, "నావల్ల మీ పని చెడిపోయిందా అండీ?" అన్నారు.

"లేదండీ. నావల్లే."

"పోన్లెండి. మనం ఇక్కడే ఉంటే, నాకు అలవాటైన వంటిల్లు" అన్నారు.

ఇంట్లో సౌమ్య కథంతా విని నేల మీద కూలబడి నవ్వింది. గురువుని గిన్నెలో వెయ్యమన్న చోట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. "రోజంతా అంత ఒంటరిగా ఉందా అమ్మకి? నాకెందుకు తట్టలేదు!" అంది. మర్నాటి నుంచి ఇద్దరం వంతులవారీగా ఇంటి నుంచి పనిచెయ్యడం మొదలుపెట్టాం. ఆదివారాలు బు రత్న మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. వంటింట్లో ఆ ఇద్దరి ముచ్చట్లూ ఇండోనేషియా భాషలోనే. మధ్యమధ్య నా పేరు వినపడేది, వెంటనే నవ్వులు. ఏం చెప్పుకుంటున్నారో నాకు ఈనాటికీ తెలీదు.

పరీక్ష అయిన కొద్దిరోజులకే మోకాలి లోతు మంచు పడింది. గ్యారీ నా స్నో బ్లోయర్‌తో బయల్దేరాడు. నేను దుప్పటి కప్పుకుని, డ్రైవ్‌వే ఎవరి చేత బాగుచేయించాలా అని ఆలోచిస్తూ హాల్లో కూర్చున్నాను. అత్తగారు కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. తెలుగులో ఆవిడ నన్ను ఒక పని చెయ్యమనాలంటే, వీలైతే అనాలి, శ్రమ అనుకోకపోతే అనాలి, తొందరేం లేదనాలి, చివర అండీ పెట్టాలి. అంతసేపట్లో వసంతం వచ్చేస్తుంది.

ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండా, మెత్తగా, స్పష్టంగా ఒక ముక్క అన్నారు.

"బెర్సిహ్‌కాన్ సల్జు!"

మంచు శుభ్రం చెయ్యి! అండీ లేదు, గిండీ లేదు. మంచుని ఏమంటారో కనుక్కోవడానికి బు రత్నకి ప్రత్యేకంగా ఫోన్ చేశారట. అల్లుడికి పని చెప్పడానికి పనికొచ్చే భాష ఒకటి ఈ భూమ్మీద ఉందని ఆవిడకి తెలిసిపోయింది. నేను లేచి పార అందుకున్నాను.

ఇదీ సంగతి. పాఠకులారా, మీ అందరి సాక్షిగా, నా నడుముకి రాసుకున్న మందు వాసన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను నేర్చుకోవలసింది నేనే నేర్చుకుంటాను. నేను వినవలసింది నా చెవులతోనే వింటాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు నా పని ఇంకొకరి చేత చేయించను గాక చేయించను.

"ఇది కూడా టైపు చెయ్యాలా?" అని అడుగుతోంది సౌమ్య, కీబోర్డు మీద వేళ్ళు ఆపి.

చెయ్యమన్నాను.